టీచర్ చదువు: గంట వేరు, క్రెడిట్ వేరు, అర్హత వేరు

విద్యాహక్కు చట్టం చివర ఒక షెడ్యూలు ఉంటుంది. ఎంతమంది పిల్లలకు ఒక టీచర్ ఉండాలి, బడికి ఏమేం వసతులు ఉండాలి అని చెప్పే ఆ పట్టికలోనే టీచర్ వారానికి కనీసం 45 గంటలు పనిచేయాలని కూడా ఉంది. పాఠం చెప్పే సమయం, పాఠానికి తయారయ్యే సమయం రెండూ ఆ 45లోనే. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు. ఆరు నుంచి ఎనిమిది దాకా 220 రోజులు, 1,000 గంటలు. మరి ఆ టీచర్ తాను చదువుకోవడానికి ఎన్ని గంటలు? ఆ పట్టికలో దానికి గడి లేదు.

బడుల జాతీయ గణాంకాలైన యూడైస్ 2024-25 లెక్కల్లో దేశంలో బడి టీచర్ల సంఖ్య మొదటిసారి కోటి దాటింది. వాళ్ళలో చాలామంది చదువు రాత్రి భోజనాలయ్యాక ఫోన్లో మొదలవుతుంది. ఒకరిది దీక్ష పోర్టల్లో మాడ్యూలు, ఇంకొకరిది ఓపెన్ యూనివర్సిటీ ఎం.ఏ., మరొకరిది ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్) కోచింగ్ యాప్. పైకి చూస్తే అన్నీ ఒకటే: వీడియో, క్విజ్, చివర ఒక పీడీఎఫ్. లోపల మాత్రం ఒకటి గంటల్ని లెక్కపెడుతుంది, ఒకటి క్రెడిట్లని, ఇంకొకటి అర్హతని. ఇవి మూడు దేశాల కరెన్సీ నోట్ల లాంటివి. ఒకటిచ్చి ఇంకొకటి తీసుకునే కౌంటరు మన దగ్గర ఇంకా తెరవలేదు. ఆ సంగతి తెలియక ఏళ్ళకేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు లక్షల్లో ఉన్నారు.

ముందు గంటల సంగతి. ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తి శిక్షణ తీసుకోవాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. సీబీఎస్‌ఈ తన బడులకు దాన్ని నియమం చేసింది: సగం గంటలు బోర్డు లేదా ప్రభుత్వ సంస్థల శిక్షణలో, సగం బడి స్థాయిలో. ఒక్క మనిషికి 50 గంటలు పెద్ద బరువేం కాదు. చట్టం చెప్పిన పనివారం కన్నా ఐదు గంటలు ఎక్కువ, అంతే. 220 పనిదినాలకు పంచితే రోజుకు 14 నిమిషాలు కూడా పడదు. కానీ కోటి మందికి లెక్కేస్తే ఏడాదికి 50 కోట్ల గంటలు. మండల రిసోర్స్ సెంటర్లో రెండు గదులు, ఒక ప్రొజెక్టరు, మధ్యాహ్నం భోజనం పెట్టి నడిపే పాత పద్ధతి శిక్షణలకు ఈ అంకె అందదు. అందుకే అంతా ఆన్‌లైన్ బాట పట్టింది.

ప్రభుత్వ టీచర్ శిక్షణ కార్యక్రమం నిష్ఠ కథే చూడండి. 2019 ఆగస్టు 21న మొదలైనప్పుడు అది ముఖాముఖి శిక్షణే. ఎలిమెంటరీ స్థాయిలో 42 లక్షల మందికి అందాలన్నది లక్ష్యం. ఏడు నెలలు తిరక్కుండానే కోవిడ్ వచ్చింది, బడులు మూతపడ్డాయి. 2020 అక్టోబరు నుంచి అవే 18 మాడ్యూళ్ళను దీక్షలోకి ఎక్కించారు. తర్వాత హైస్కూలు వాళ్ళకు 13, పునాది అక్షరాస్యత, సంఖ్యాజ్ఞానం పేరుతో చిన్న తరగతుల వాళ్ళకు ఇంకో 12 వచ్చాయి. ప్రైమరీ టీచర్ ఒకరు మొదటి విడతా చివరి విడతా చేస్తే 30 మాడ్యూళ్ళు. ఒక్కోటి మూడు గంటలనుకున్నా 90 గంటలు.

ఆ మూడు గంటలు ఫోన్లో ఎలా గడుస్తాయో బడి వాళ్ళకు చెప్పక్కర్లేదు. కొంచెం వీడియో, కొంచెం చదువుడు, మధ్యలో ఒక కృత్యం, చివర బహుళైచ్ఛిక ప్రశ్నలు. సర్టిఫికెట్ కావాలంటే 70 శాతం రావాలి, అందుకు మూడు ప్రయత్నాలు. మాడ్యూలు విడుదలైన వారంలోపే దాని జవాబులు యూట్యూబ్‌లో ఉంటాయి, పీడీఎఫ్ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. అదే గ్రూపులో పైనుంచి ఏ మండలం ఎంత శాతం పూర్తి చేసిందో పట్టిక వస్తుంది. వెనకబడ్డ బడుల పేర్లు ఎర్ర రంగులో ఉంటాయి. వీడియో తనపాటికి తాను నడుస్తుంటే పక్కన పిల్లల నోటుపుస్తకాలు దిద్దుకునే టీచర్‌ని నేను తప్పుపట్టలేను. లెక్కపెట్టేది పూర్తయిందా లేదా అన్నదే అయినప్పుడు, పూర్తి చేయడమే పని అవుతుంది. ఇది టీచర్ల బద్ధకం అని తేల్చేసే అధికారులు, మూడో తరగతి గదిలోకి వెళ్ళి ఆ మాడ్యూలులో చెప్పిన ఒక్క కృత్యమైనా జరుగుతోందా అని చూసే ఏర్పాటు ఎక్కడుందో కూడా చెబితే బాగుంటుంది.

ఇదే పని అమెరికాలో ఎలా జరుగుతుందో ఒకసారి చూద్దాం. అక్కడి బడుల్లో పాఠాలు చెబుతున్న తెలుగువాళ్ళకు ఇది తెలిసిన లెక్కే. టెక్సస్‌లో టీచర్ సర్టిఫికెట్‌ని ఐదేళ్ళకోసారి పునరుద్ధరించుకోవాలి, అందుకు 150 గంటల శిక్షణ చూపించాలి. పెన్సిల్వేనియాలో ఐదేళ్ళకు 180 గంటలు. మన 50 గంటలను ఐదేళ్ళకు లెక్కేస్తే 250. అంకెలో మనమే పైన! తేడా ఇంకో రెండు చోట్ల ఉంది. అక్కడ గంటలు చూపకపోతే ఆ సర్టిఫికెట్ చెల్లుబాటు ఆగిపోతుంది. ఇక్కడ ఎర్ర రంగులో పేరు వస్తుంది. రెండోది, పెన్సిల్వేనియా నియమంలోనే మారకపు రేటు రాసి ఉంది: 180 గంటలకు బదులు ఆరు కాలేజీ క్రెడిట్లు చాలు, అంటే ఒక క్రెడిట్ 30 గంటలకు సమానం. ఆన్‌లైన్‌లో మాస్టర్స్ చేస్తున్న టీచర్‌కు పునరుద్ధరణ గంటలు అదే చదువులోంచి తీరిపోతాయి. ఒకే రాత్రి చదువుకు రెండు ఖాతాల్లో జమ.

మన దగ్గర క్రెడిట్ విలువ కూడా 30 గంటలే. ఇగ్నో మొదటి నుంచీ అదే లెక్క వాడుతోంది, జాతీయ క్రెడిట్ చట్రం కూడా అదే చెబుతోంది. రెండేళ్ళ పీజీకి 80 క్రెడిట్లు. అంటే 2,400 గంటలు. పనివారం 45 గంటల చొప్పున అది 53 వారాలు, ఒక నిండు ఉద్యోగ సంవత్సరం. రెండేళ్ళకు సర్దితే వారానికి 23 గంటలు, సెలవుల్లేకుండా రోజుకు మూడు గంటల పైచిలుకు. ‘ఉద్యోగం చేసుకుంటూనే హాయిగా పీజీ’ అనే ప్రకటనలో ఈ అంకె కనిపించదు. 2,400 గంటలూ పెట్టి చదివినవాళ్ళు ఎందరు, పరీక్షకు ముందు పది రోజులు గైడు తిరగేసినవాళ్ళు ఎందరు అన్నది చదువుకున్నవాళ్ళకే తెలుసు.

అయినా జనం చేరుతూనే ఉన్నారు. కారణం జ్ఞానతృష్ణ ఒక్కటే కాదు, అందులో సిగ్గుపడాల్సిందీ లేదు. ఉమ్మడి రాష్ట్రం నాటి నుంచి వస్తున్న ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ పథకంలో 6, 12, 18, 24 ఏళ్ళకు స్కేళ్ళు మారతాయి. అందులో 12 ఏళ్ళ స్కేలు రావాలంటే పై పోస్టుకు కావలసిన అర్హతలు ఉండాలి. సెకండరీ గ్రేడ్ టీచర్‌కు (ఎస్‌జీటీ) పై పోస్టు స్కూల్ అసిస్టెంటు. అంటే డిగ్రీ, బి.ఎడ్. కావాలి. టీటీసీ చదివి ఇరవై రెండేళ్ళకే ఉద్యోగంలో చేరినవాళ్ళు, పన్నెండేళ్ళ గడువు దగ్గరపడేసరికి, దూరవిద్యలో డిగ్రీ, ఆపైన బి.ఎడ్. చేయడం మన ఊళ్ళలో దాదాపు ఆనవాయితీ. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే పుట్టింది, ఇప్పటి అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఇగ్నో వచ్చింది ఆ తర్వాత మూడేళ్ళకు. ఆదివారం స్టడీ సెంటర్లో బెంచీల మీద కూర్చున్నవాళ్ళలో సోమవారం మళ్ళీ బల్ల ముందు నిలబడి హాజరు పిలిచేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు.

ఈ క్రెడిట్ల దారిలో చట్టం చాలావరకు స్పష్టంగానే ఉంది. యూజీసీ గుర్తింపు ఉన్న దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీలతో సమానమని యూజీసీ 2022లో మళ్ళీ గట్టిగా చెప్పింది. స్వయం పోర్టల్లో చేసిన కోర్సుల ద్వారా ఒక సెమిస్టరులో 40 శాతం దాకా క్రెడిట్లు తీసుకోవచ్చు. ఇప్పుడు దూరవిద్యలో చేరేవాళ్ళు యూజీసీ దూరవిద్యా బ్యూరో దగ్గర డెబ్ ఐడీ తీసుకోవాలి. అది లేకుండా అడ్మిషన్ ఇస్తామన్నవాళ్ళ దగ్గర నుంచి లేచి వచ్చేయడమే మంచిది. బి.ఎడ్. విషయంలో ఇంకో మెలిక ఉంది. దూరవిద్య బి.ఎడ్.కు యూజీసీతో పాటు టీచర్ విద్యను నియంత్రించే ఎన్‌సీటీఈ గుర్తింపు కావాలి, అందులో వర్క్‌షాపులు, బడిలో ఇంటర్న్‌షిప్ తప్పవు. ఇంట్లో కూర్చుని మొత్తం ఫోన్లోనే బి.ఎడ్. పూర్తి చేయిస్తామనే ప్రకటన ఎంత రంగులమయంగా ఉన్నా అది వేరే వ్యాపారం.

అసలు చిక్కంతా అర్హత దగ్గర. ఈ కథ 2010 ఏప్రిల్ 1న మొదలవుతుంది, విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చిన రోజున. శిక్షణ లేని టీచర్లు ఐదేళ్ళలో, అంటే 2015 మార్చి నెలాఖరుకు, అర్హత తెచ్చుకోవాలని చట్టం చెప్పింది. గడువు వచ్చింది, పోయింది. శిక్షణ లేనివాళ్ళు లక్షల్లో మిగిలారు. 2017 ఆగస్టులో పార్లమెంటు చట్టం సవరించి గడువును 2019 మార్చి 31కి జరిపింది. అప్పటికి చేతిలో మిగిలింది ఇరవై నెలలు. మామూలు ప్రాథమిక టీచర్ డిప్లొమా (డి.ఎల్.ఎడ్.) రెండేళ్ళది. ఇరవై నెలల సంచిలో ఇరవై నాలుగు నెలల కోర్సు పట్టదు కాబట్టి, జాతీయ సార్వత్రిక పాఠశాల విద్యా సంస్థ (ఎన్‌ఐఓఎస్)తో 18 నెలల కోర్సు తయారు చేయించారు. 2017 అక్టోబరులో అది మొదలైంది. పాఠాలు స్వయం పోర్టల్లో, డీటీహెచ్ ఛానల్లో, తోడుగా స్టడీ సెంటర్లలో కాంటాక్టు క్లాసులు. పదమూడు లక్షలకు పైగా చేరారు. ప్రపంచంలో ఇంత పెద్ద టీచర్ శిక్షణ బ్యాచ్ మరొకటి వెతికి చూపించడం కష్టం.

మన రెండు రాష్ట్రాల ప్రభుత్వ బడుల్లో ఈ సందడి పెద్దగా కనిపించలేదు. టీచర్ ఉద్యోగ పరీక్ష డీఎస్సీ రాయాలంటేనే శిక్షణ ఉండాలి కనుక ఇక్కడ చేరింది ఎక్కువగా ప్రైవేటు బడుల వాళ్ళు. నెలకు ఆరేడు వేలకు పాఠాలు చెబుతూ, ఇంటర్‌లో 50 శాతం రాకపోతే ఆ మార్కులు పెంచుకునే పరీక్ష కూడా పక్కనే రాస్తూ, ఆ పద్దెనిమిది నెలలు లాగారు.

కోర్సయింది, సర్టిఫికెట్ వచ్చింది. అప్పుడు తెలిసింది, అది ఉన్న ఉద్యోగం కాపాడుకోవడానికే తప్ప కొత్త ఉద్యోగానికి పనికొస్తుందో లేదో ఎవరికీ తెలియదని. 2019 సెప్టెంబరులో ఎన్‌సీటీఈ బిహార్‌కు జవాబిస్తూ, 18 నెలల డిప్లొమా కొత్త నియామకాలకు చెల్లదని చెప్పింది. 2020 జనవరిలో పట్నా హైకోర్టు ఆ మాట కొట్టేసింది. 2023 నవంబరులో, ఉత్తరాఖండ్ నుంచి వచ్చిన కేసులో, 18 నెలలది రెండేళ్ళ దానితో సమానం కాదని సుప్రీంకోర్టు అంది. చివరికి 2025 ఏప్రిల్ 4న, పశ్చిమ బెంగాల్ కేసులో, 2017 ఆగస్టు 10 నాటికి ఉద్యోగంలో ఉండి గడువులోగా కోర్సు పూర్తి చేసినవాళ్ళ డిప్లొమా రెండేళ్ళ దానితో సమానంగా చెల్లుతుందని అదే కోర్టు తేల్చింది. కోర్సు 18 నెలలు. దాని విలువ తేలడానికి ఐదున్నరేళ్ళు. ఈలోగా వచ్చిపోయిన నోటిఫికేషన్లు, దాటిపోయిన వయోపరిమితులు ఏ తీర్పూ తిరిగి ఇవ్వదు. తప్పు ఆన్‌లైన్‌ది అని చాలామంది అన్నారు. నాకలా అనిపించదు. ఆ కాగితం ఏ తలుపు తెరుస్తుందో చేరే రోజునే రాసి ఇవ్వకపోవడం తప్పు, అది కాగితం ఇచ్చినవాళ్ళది.

బి.ఎడ్. వాళ్ళకూ ఇలాంటి ముడే పడింది. ప్రైమరీకి బి.ఎడ్. కూడా పనికొస్తుందని 2018 జూన్ 28న ఎన్‌సీటీఈ నోటిఫికేషన్ ఇచ్చింది. పనికిరాదని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు చెప్పింది. మధ్యలో నియమితులైనవాళ్ళ ఉద్యోగాలు నిలిచాయి కానీ, ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేయాలి. అది ఎన్‌ఐఓఎస్ ద్వారా 2025లో దూరవిద్యలో వచ్చింది. మళ్ళీ అదే సంస్థ, మళ్ళీ అదే ఫోను.

ఇక 2025 సెప్టెంబరు 1 తీర్పు. మన టీచర్ల ఇళ్ళలో ఇప్పుడు నడుస్తున్న మాటంతా దీని గురించే. విద్యాహక్కు చట్టానికి ముందు చేరి, రిటైర్మెంటుకు ఐదేళ్ళ కన్నా ఎక్కువ సర్వీసు మిగిలి, ఎనిమిదో తరగతి దాకా చెప్పే టీచర్లంతా రెండేళ్ళలో టెట్ పాసవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఐదేళ్ళ లోపు మిగిలినవాళ్ళు రాయకుండానే కొనసాగవచ్చు, కానీ టెట్ లేకుండా ప్రమోషన్ లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదటి టెట్ జరిగింది 2011 జులైలో. అంతకు ముందు డీఎస్సీల్లో చేరినవాళ్ళు, అప్పటి నిబంధనల ప్రకారం అన్ని అర్హతలతో వచ్చినవాళ్ళే, ఇప్పుడు మళ్ళీ పరీక్ష రాయాలి. రివ్యూ కోరుతూ ఉత్తరప్రదేశ్, తమిళనాడు వంటి రాష్ట్రాలు కోర్టుకు వెళ్ళాయి.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేయండి. రిటైర్మెంటు వయసు ఆంధ్రప్రదేశ్‌లో 62, తెలంగాణలో 61. కాబట్టి తీర్పు రోజుకు గీత ఆంధ్రలో 57 ఏళ్ళ దగ్గర పడుతుంది, తెలంగాణలో 56 దగ్గర. ఉమ్మడి రాష్ట్రంలో ఒకే డీఎస్సీలో ఎంపికై, ఒకే కాలేజీలో ట్రైనింగ్ చేసి, ఆ రోజుకు యాభై ఆరున్నర ఏళ్ళున్న ఇద్దరు మిత్రుల్లో కర్నూలు వైపు ఆయన పరీక్ష రాయాలి, గద్వాల వైపు ఆయన రాయక్కర్లేదు. కర్నూలు వైపు ఒక ఏడాది ఎక్కువ ఉద్యోగం దొరికినందుకు ఈ పరీక్ష రుసుమన్నమాట.

పరీక్ష మొత్తం 150 ప్రశ్నలు, 150 నిమిషాలు. మన రెండు రాష్ట్రాల్లో ఓసీలకు 90 మార్కులు, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 60 వస్తే పాస్. తప్పుకు మార్కులు కోయరు. పేపర్-2లో శిశువికాసానికి 30, రెండు భాషలకు 30 చొప్పున 60, మిగతా 60 గణితం-సైన్సు లేదా సాంఘిక శాస్త్రం. సాంఘికం చెప్పే స్కూల్ అసిస్టెంటుకు ఆ చివరి 60 చేతిలో పని. మిగిలిన 90లో ఇరవై ఏళ్ళ కిందట వదిలేసిన పియాజే, తెలుగు వ్యాకరణం, ఇంగ్లిష్ గ్రామర్. ఇంకా ఇబ్బంది భాషా టీచర్లది. ఎన్‌సీటీఈ మార్గదర్శకాల ప్రకారం గణితం-సైన్సు, సాంఘికం కాక వేరే సబ్జెక్టు చెప్పేవాళ్ళు కూడా ఆ రెండింట్లో ఒకటి ఎంచుకోవాలి. ఆ నియమం ప్రకారమైతే ఛందస్సు చెప్పే పండితుడు నదీ వ్యవస్థలు, మొగల్ పాలన బట్టీపట్టాలి.

గంటల ఖాతా, అర్హత ఖాతా వేరువేరుగా ఉండటం ఎంత నష్టమో ఇక్కడ కళ్ళకు కడుతుంది. నిష్ఠ మాడ్యూళ్ళలో శిశువికాసం ఉంది, సమ్మిళిత విద్య ఉంది, మూల్యాంకనం ఉంది. టెట్‌లో ఆ 30 మార్కుల్లో అడిగేవీ దాదాపు అవే. అయినా 30 మాడ్యూళ్ళ సర్టిఫికెట్లు చూపిస్తే టెట్‌లో అర మార్కు కూడా కలవదు, ఎం.ఏ. ఎడ్యుకేషన్‌లో ఒక పేపరూ తగ్గదు. 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ పెట్టిన దేశంలో ఈ లంకె వేయడం సాంకేతికంగా పెద్ద పని కాదు. 50 గంటలంటే ఒకటిన్నర క్రెడిట్ పైన, ఐదేళ్ళకు ఎనిమిది. ప్రభుత్వమే చేయించిన శిక్షణను ప్రభుత్వమే లెక్కలోకి తీసుకోకపోతే, ఆ మాడ్యూళ్ళని టీచర్లు మనసు పెట్టి చేయాలని ఎవరు మాత్రం అడగగలరు?

ఊరట ఒకటుంది. మొదట్లో టెట్ సర్టిఫికెట్ ఏడేళ్ళే చెల్లేది. 2021లో కేంద్రం దాన్ని జీవితకాలం చేసింది, 2011 నుంచి పాసైనవాళ్ళందరికీ వర్తించేలా. కాబట్టి ఎప్పుడో సరదాగా రాసి పాసైన సర్టిఫికెట్ బీరువాలో ఉంటే తీసి సర్వీసు రిజిస్టరులో నమోదు చేయించుకోండి, మళ్ళీ రాసే పని లేదు. లేనివాళ్ళకు కోర్టు ఇచ్చిన రెండేళ్ళు 2027 సెప్టెంబరు 1తో తీరతాయి. ఏడాదికి ఒక్కసారైనా టెట్ పెట్టాలని ఎన్‌సీటీఈ మార్గదర్శకాల్లో ఉంది. తెలంగాణ 2024లో ఏడాదికి రెండుసార్లని జీవో ఇచ్చింది, జూన్‌లో ఒకటి, డిసెంబరులో ఒకటి. ఆ క్యాలెండరు తప్పకుండా నడిస్తే తీర్పు నాటి నుంచి గడువు దాకా మొత్తం నాలుగు అవకాశాలు. మొదటిది రాసి చూసుకుంటే, మిగతా మూడింటికి ఏ భాగంలో ఎన్ని మార్కులు తక్కువయ్యాయో తెలిసి చదవచ్చు.